బావగారు దింపిన ఇంజను

వరద తీశాక మా వాకిట్లో మిగిలినవాటిల్లో అన్నిటికన్నా బరువైనది నా కారు. పి.గన్నవరం దాటాక గోదావరి పాయల మధ్య ఉన్న లంక మాది. ఏరు పోటెత్తితే ముందు కాజ్‌వే మునుగుతుంది, తర్వాత కొబ్బరితోటలు, ఆ తర్వాత మా వీధి. ఆసారి బియ్యం, బట్టలు అటకెక్కించాం. కెమెరాలూ లైట్లూ ముందుగానే అమలాపురంలో తెలిసినవాళ్ళ మేడమీద పెట్టి వచ్చాను. కారు మాత్రం ఎంత తిప్పినా స్టార్టు కాలేదు. నీళ్ళు బానెట్ మీదికి వచ్చి, కొన్నాళ్ళు తీరిగ్గా ఉండి, అంతే తీరిగ్గా వెళ్ళిపోయాయి.

నేను పెళ్ళిళ్ళకీ ఓణీల ఫంక్షన్లకీ వీడియోలు తీస్తాను. స్టాండ్లు, లైట్లు, వైర్ల చుట్టలు, ఇవన్నీ మోసింది ఆ పాత డీజిల్ కారే. అది లేకపోతే ప్రతి పెళ్ళికీ ఆటో మాట్లాడుకోవాలి, తెల్లవారుజామున ముహూర్తమైతే ఆ ఆటో కూడా దొరకదు. అమలాపురం నుంచి మెకానిక్ వచ్చి ఆయిల్ పుల్ల పైకి లాగి చూపించాడు. పాలెక్కువైన టీ రంగులో ఉంది.

"ఇంజను నీళ్ళు తాగేసిందండి. దింపి, మొత్తం విప్పి చెయ్యాలండి. షెడ్డుకి లాగించెయ్యండి, చూసుకుందాం."

అలాగే చేసేవాణ్ణి. కానీ అక్క వినలేదు.

అక్కా వాళ్ళదీ మాదీ ఒకే వాకిలి. బావగారు మస్కట్‌లో ఓ గరాజులో చాలా ఏళ్ళు చేసి, ఆ గరాజు మూతపడటంతో వరదకి కొద్దిగా ముందే పూర్తిగా వచ్చేశారు. ఆయన ఇంజను మెకానిక్కని మా ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. అన్నేళ్ళూ అక్కే చెప్పింది. బావగారు సెలవుకొచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు మోటారు సైకిలు తెచ్చి గుమ్మం ముందు పెట్టేవారు. ఆయన ఒకసారి చప్పుడు విని, తల ఊపి, "కార్బన్ పట్టిందండి. షెడ్డులో చూపించండి," అనేవారు. సెలవుల్లో వచ్చిన మనిషిని పని చెయ్యమంటారేంటని అక్క కసిరేది.

"ఇంట్లో మెకానిక్కుని పెట్టుకుని అమలాపురం వాడికి ఎందుకురా ఇవ్వడం?" అంది అక్క. "మీ బావ చేత్తో దింపుతారు, మీ బావ చేత్తో ఎక్కిస్తారు. నలుగురూ చూస్తారు. ఆ తర్వాత షెడ్డు తెరిచేస్తే అడుగు బయటపెట్టకుండానే బేరాలొస్తాయి."

అప్పటికే ఆమె ఏటిగట్టు దగ్గర రోడ్డు వార షట్టరున్న గది ఒకటి చూసి, గది ఆసామితో మాట్లాడేసి ఉంది. బావగారు అరుగు మీద లుంగీ సర్దుకుంటూ, "ఆయ్, అలాగే," అన్నారు. ఆయన ఏ మాటకైనా అలాగే అంటారు.

ఇంజను దింపిన రోజు నన్ను వీడియో తియ్యమన్నది కూడా అక్కే. షెడ్డు తెరిచాక ఫోనుల్లో పంచాలని ఆమె ఆలోచన. మూడు సరుగుడు బాదులు నిలబెట్టి, పైన ముడేసి, గొలుసు కప్పీ వేలాడదీశాం. పక్క కొట్లో కొబ్బరికాయలు ఒలిచేవాళ్ళు ఇద్దరు వచ్చి సాయం పట్టారు. బావగారు పైపులూ వైర్లూ విప్పుతూ పోయారు. నేను కెమెరా పట్టుకుని చుట్టూ తిరిగాను. ఇంజను గాల్లోకి లేచినప్పుడు అక్క మొహం ఎంత వెలిగిందో ఆ వీడియోలో ఉంది. అక్కడా ఇక్కడా బావగారి చెయ్యి తడబడితే, వరదకి బోల్టులు తుప్పుపట్టాయి కాబోలనుకున్నాను.

ఇంజను లోపలి పనంతా అమలాపురంలో లేత్ వర్క్స్ వాళ్ళు చేశారు. కొత్త రింగులు, బేరింగులు వేసి, బిగించి, ట్రాలీ ఆటోలో పంపారు. వసారాలో పాత టైరు మీద దాన్ని దింపుకున్నాం. అక్క పసుపు రాసి బొట్టు పెట్టింది. ఇక ఎక్కించడమే మిగిలింది.

అక్కడి నుంచి బావగారికి రోజూ ఏదో ఒకటి అడ్డొచ్చేది. వాన పడేలా ఉందనేవారు. నడుం పట్టిందనేవారు. గొలుసు కప్పీ ఇచ్చినతను వేరేచోటికి తీసుకెళ్ళాడనేవారు, అది నిజం కాదని నాకు తెలుసు. శ్రావణం పెళ్ళిళ్ళు దగ్గరికొస్తున్నాయి. ఓ రోజు కాస్త గట్టిగానే అడిగాను.

"బావగారూ, మీకు వీలుకాకపోతే చెప్పండి, ఆ షెడ్డతన్నే పిలుస్తాను."

ఆయన చుట్టూ చూశారు. అక్క డ్వాక్రా మీటింగుకి వెళ్ళింది.

"బామ్మర్దీ, ఆ రోజు తీసిన వీడియో ఉందా నీ దగ్గిర?"

"ఉందండి."

"ఓసారి చూపించు."

నా గదిలో కంప్యూటరు ముందు కూర్చున్నాం. ఆయన కళ్ళు చిట్లించి చూశారు. అంతా అయ్యాక, "దీన్ని వెనక నుంచి ముందుకి నడిపించొచ్చా?" అన్నారు.

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. నవ్వు ఆపేసి వీడియోని వెనక్కి నడిపించాను. తెర మీద నట్లు నేల మీంచి లేచి ఆయన వేళ్ళలోకి వస్తున్నాయి. పైపులు వాటంతటవే వెళ్ళి అతుక్కుంటున్నాయి. "అక్కడ ఆపు," అన్నారాయన. "ఆ సన్న పైపు ఎక్కడికెళ్ళింది? ఇంకోసారి వెయ్యి." జేబులోంచి కాయితం తీసి బొమ్మ గీసుకోబోయారు. ఆ పైపు దేనికి తగిలించాలో తెలియక పెన్ను అక్కడే ఆపేశారు.

"బావగారూ, మీరు ఇదివరకు ఇంజను ఎక్కించలేదా అండి?"

"ఎక్కించలేదు." పెన్ను మూత పెట్టి, "దింపలేదు కూడా," అన్నారు.

"మరి అక్కడ?"

"కడిగేవాణ్ణి."

నాకు అర్థం కాలేదు.

"కార్లు కడిగేవాణ్ణి బామ్మర్దీ. రిపేరయ్యేక ఇచ్చేముందు కడిగి, తుడిచి ఇవ్వాలి కదా. ఆ పని. వెళ్ళేటప్పుడు ఏజెంటు మెకానిక్ హెల్పరన్నాడు. దిగేక నీళ్ళ పైపు చేతికిచ్చేరు. ఫోనులో మీ అక్క గరాజులో పని ఎలా ఉందంది, బానే ఉందన్నాను. అబద్ధం కాదు కదా. తర్వాత సెలవుకొస్తే మీ నాన్నగారు పదిమందిలో, మా అల్లుడు ఇంజను మెకానిక్కండీ అన్నారు. పెద్దాయన నోట్లోంచి వచ్చేసేక కాదని ఎలాగంటాను? మళ్ళీ సెలవుకి చెబ్దాం అనుకున్నాను. ఆ సెలవుకీ చెప్పలేదు."

"మరి దింపుతానని ఎందుకన్నారండీ?"

"రోజూ చూసేవాణ్ణిరా. పక్కనే నిలబడి చూసేవాణ్ణి. అన్నేళ్ళు చూస్తే వచ్చేస్తుందనుకున్నాను." కాయితం మడిచి జేబులో పెట్టుకున్నారు. "విప్పడమేగా, అదెంత అనిపించింది. ఎక్కించే రోజు ఒకటి వస్తుందని ఆలోచించలేదు."

నాకు ముందు కోపమే వచ్చింది. నా కారు, నా పని, నా శ్రావణం. కానీ ఆయన నాకన్నా ఎంతో పెద్ద. నా పెళ్ళికి బట్టలు తెచ్చిన మనిషి. నా ముందు అలా తలొంచుకుని కూర్చుంటే కోపం నిలవలేదు. బయటికెళ్ళి అమలాపురం మెకానిక్కి ఫోను చేశాను.

"వేరే చెయ్యి పడ్డ బండి ఇంటికొచ్చి చెయ్యనండి," అన్నాడతను. "కోపం తెచ్చుకోకండి. ఇంజనూ బండీ రెండూ షెడ్డుకి పంపించండి, చూద్దాం."

ఆ మాటే బావగారికి చెప్పాను. ఆయన నా రెండు చేతులూ పట్టుకున్నారు. "వద్దు బామ్మర్దీ. మీ అక్క చూస్తుండగా బండిని తాడేసి లాక్కెళ్తే నాకింకేం మిగుల్తుంది? మనిద్దరం చేద్దాం. వీడియో ఉందిగా."

సరేనన్నాను. మా ఇద్దరికీ అదే మొదటిసారి. ఆ సంగతి మా ఇద్దరికే తెలుసు.

మళ్ళీ బాదులు నిలబెట్టాం. మళ్ళీ ఒలుపు వాళ్ళిద్దరూ వచ్చారు. బొట్టుతో సహా ఇంజను గాల్లోకి లేచి, మెల్లగా కారు ముందు భాగంలోకి దిగింది. అంతవరకూ బాగానే ఉంది. గేరుబాక్సు కారులోనే ఉండిపోయింది, దాన్నుంచి బొటనవేలంత లావు ఇనప కడ్డీ ఒకటి ముందుకి పొడుచుకొచ్చి ఉంటుంది. ఇంజను వెనక బిగించి ఉన్న క్లచ్ పళ్ళెం నడిమి బెజ్జంలోంచి ఆ కడ్డీ లోపలికి వెళ్ళాలి. వెళితే ఇంజనూ గేరుబాక్సూ ఒకదానికొకటి ఆనుకుంటాయి. అది వెళ్ళలేదు. బావగారు కింద పడుకుని చూస్తూ "ఎత్తు" అంటే ఎత్తాను, "దించు" అంటే దించాను. ఊపాం, తోశాం. రెంటికీ మధ్య నాలుగు వేళ్ళ సందు అలాగే ఉండిపోయింది. ఒలుపు వాళ్ళు కాసేపు చూసి, "అన్నానికెళ్ళొస్తామండి," అని వెళ్ళిపోయారు. తిరిగి రాలేదు.

వీడియో వేసి చూశాం. దింపిన రోజు ఇంజను వెన్నలోంచి కత్తి తీసినంత తేలిగ్గా బయటికి వచ్చేసింది. లేత్ వాళ్ళు ఆ పళ్ళేన్ని విప్పి మళ్ళీ బిగించారన్న సంగతి వీడియోలో ఎలా ఉంటుంది? ఫోనులో వెతికితే హిందీలో ఎవరో చెబుతున్నాడు. ముందు ఓ గుండ్రటి కర్రముక్క బెజ్జంలో పెట్టి పళ్ళేన్ని సరిగ్గా నడిమికి తెచ్చుకుని, ఆ తర్వాతే బిగించాలట. మాది ఎంతో కొంత పక్కకి జరిగి ఉండాలి.

"ఇంజను మళ్ళీ పైకి లేపి, పళ్ళెం విప్పి సరిచేద్దామండి," అన్నాను.

బావగారు "ఆయ్, అలాగే" అన్నారు. గొలుసు మీద చెయ్యి వేశారు. ఈలోగా అక్క మజ్జిగ గ్లాసులతో వచ్చింది. ఆమె వెనక పక్కింటావిడ.

"అయిపోయిందాండీ?" అంది అక్క.

ఆయన గొలుసు వదిలేశారు.

"అయిపోవచ్చింది. బోల్టులు పట్టించి బిగిస్తే అదే లోపలికి వచ్చేస్తుంది," అన్నారు. అని నావైపు చూసి, గొంతు తగ్గించి, "అక్కడ అలాగే చేసేవారు బామ్మర్దీ. చూసేను," అన్నారు.

నిజంగా చూశారో లేదో నాకు తెలియదు. కాదనడానికి నా దగ్గర మాత్రం ఏముంది? పొడవాటి బోల్టులు పట్టించాం. అటు ఆయన, ఇటు నేను, కాస్త కాస్త తిప్పుతూ వచ్చాం. సందు తగ్గడం మొదలుపెట్టింది. మూడు వేళ్ళయింది, రెండు వేళ్ళయింది. నాకు ఊపిరి తేలికపడింది. ఈయనకి నిజంగానే వచ్చేమో, చూసి చూసి ఎక్కడో లోపల పట్టుబడిందేమో అనిపించింది. స్పానరు బిగుసుకుంటోంది. ఇంకొక్క తిప్పు తిప్పాను. ఎండుకాయ రాయి మీద కొట్టినట్టు టప్పున చప్పుడైంది.

అక్క ఉలిక్కిపడింది. "ఏంటండీ అది?"

బావగారు చెయ్యి లోపలికి పోనిచ్చి తడిమారు. నేను వంగి చూశాను. గేరుబాక్సు డొప్పకి బోల్టు పట్టే చెవి దగ్గర సన్నగా, వెంట్రుకలా, ఒక పగులు. ఆయన వేలు దాని మీదే ఆగిపోయింది. నా కళ్ళల్లోకి చూశారు. నేను తల తిప్పుకున్నాను.

"కూర్చుందే," అన్నారాయన అక్కతో. "ఇంజను కూర్చుంది."

పక్కింటావిడ, "పోన్లెండి, చల్లని మాట," అంది.

మిగతా పని ఎలా చేశామో నాకు సరిగ్గా గుర్తులేదు. రేడియేటరు, డైనమో, బెల్టు, వైర్లు. వీడియోని ముక్కముక్కగా ఆపుకుంటూ ఒక్కోటీ కలిపాం. పగులు సంగతి ఇద్దరం ఎత్తలేదు. మా చేతులకి తగిలిన గీతలకి అక్క కొబ్బరినూనె రాసేది. బావగారికి రాస్తున్నప్పుడు, "ఎన్నాళ్ళకి ఈ చేతులు నా కళ్ళముందు పని చేస్తున్నాయిరా," అంది నాతో. బావగారు చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

స్టార్టు చేసే రోజు పొద్దున్న అక్క వాకిలి కడిగి ముగ్గేసింది. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టింది. వీధిలోవాళ్ళు వచ్చారు. షట్టరు గది ఆసామిని కూడా పిలిపించింది. ఆయన తెల్ల చొక్కాలో వచ్చి, వసారాలో కుర్చీలో కూర్చున్నాడు. అక్క కొబ్బరికాయ కొట్టింది. బావగారు డ్రైవరు సీట్లో కూర్చుని తాళం తిప్పారు. సెల్ఫు గరగరమంది. ఆగింది. మళ్ళీ తిప్పారు. మూడోసారికో నాలుగోసారికో ఇంజను ఒక్కసారి దగ్గి, నల్లటి పొగ వదిలి, అందుకుంది.

అందరూ చప్పట్లు కొట్టారు. అద్దంలోంచి బావగారి మొహం కనిపించింది. ఆయన అంత చిన్నపిల్లాడిలా నవ్వడం నేను ఎప్పుడూ చూడలేదు. ఆ కాసేపూ నేను కూడా పగులు మర్చిపోయాను.

"ముందుకి పోనివ్వండి," అంది అక్క.

క్లచ్ తొక్కి గేరు వెయ్యబోతే, ఇనుము ఇనుముని కొరికిన చప్పుడు. నవ్వు ఇంకా ఆయన మొహం మీదే ఉంది. మళ్ళీ వేశారు. మళ్ళీ అదే చప్పుడు. చివరికి ఇంజను ఆపి, గేరు వేసి, తాళం తిప్పారు. కారు ఒక్క గెంతు గెంతి, కీచుమంటూ గేటు దాకా పాకి, అక్కడ ఆగిపోయింది. అక్క వేసిన ముగ్గు మీదుగా గేటు దాకా నల్లటి నూనె చార పడింది.

మా వైపు ఎవరూ మొహం మీద ఏమీ అనరు. గది ఆసామి లేచి కండువా సర్దుకున్నాడు.

"ఏవైందండి?"

"గేరుబాక్సండి," అన్నారు బావగారు కిందికి దిగి, గుడ్డతో చేతులు తుడుచుకుంటూ. "పాతదైపోయింది. ఇంజను ఓకే అండి."

"ఆయ్, మరేనండి. ఇంజను మాత్రం బ్రహ్మాండంగా పలికిందండి. మీ చెయ్యి మంచిదండి." నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. తర్వాత కొద్దిరోజులకే ఆ గదిని చికెన్ సెంటరుకి ఇచ్చేశాడు. మాతో ఒక్క మాట అనలేదు.

ఆఖరికి అమలాపురం మెకానిక్ని బతిమాలి ఇంటికి పిలిపించాను. అతను కారు కింద దూరి, కాసేపటికి బయటికొచ్చాడు. బావగారు గోడవార నిలబడి ఉన్నారు. అక్క టీ పట్టుకుని అప్పుడే వసారాలోకి వచ్చింది.

"డొప్ప పగిలిపోయిందండి. లోపల ప్లేటూ వంగిపోయుంటుంది, కడ్డీ కూడా దెబ్బతిందేమోనండి," అన్నాడు. "ఈ బండి సామాను ఇప్పుడు రావట్లేదండి. పాత ఇనుములో వెతకాలి, దొరుకుతుందని చెప్పలేను." గుడ్డతో చేతులు తుడుచుకుని, "కుదరకుండానే బోల్టులేసి లాగేసేరు. ఎవరు ఎక్కించేరండీ?" అన్నాడు.

బావగారు నోరు తెరిచారు. నిజం చెబుదామనే తెరిచారో, ఇంకోటి చెబుదామనో, నాకు తెలియదు. అక్క ఆయన్నే చూస్తోంది.

"నేనేనండి," అన్నాను. "బావగారు లేనప్పుడు, ఫోనులో చూసి నేనే బిగించేశాను."

మెకానిక్ జాలిగా నవ్వాడు. అక్క టీ గ్లాసు అతనికిచ్చి నావైపు తిరిగింది.

"నువ్వెందుకురా వేలు పెట్టావు?" అంది. "ఆయన పని ఆయన్ని చేసుకోనివ్వాలి కదా. ఆయన నీ మీద చెప్పలేక గేరుబాక్సు మీద పెట్టి, నలుగురిలో మాట పడ్డారు."

బావగారు వంగి నేల మీది స్పానర్లు ఏరడం మొదలుపెట్టారు. నేను ఆయనవైపు చూడలేదు. ఆమెకి నిజంగా తెలియదా, తెలిసే ఆ మాట పట్టుకుందా అని తర్వాత చాలాసార్లు ఆలోచించాను. ఆ చప్పుడు ఆమె విన్నది, ఆయన బోల్టులు బిగించడం ఎదురుగా నిలబడి చూసింది. అడిగే ధైర్యం మాత్రం నాకు ఎప్పుడూ రాలేదు.

శ్రావణం పెళ్ళిళ్ళలో కొన్ని చేతులు మారిపోయాయి. కారుని పాత ఇనుము కొనేవాళ్ళు వచ్చి లారీలోకి ఎక్కించుకుపోయారు. కొత్త రింగులూ బేరింగులూ వేసిన ఇంజను కూడా దాంతోనే పోయింది.

బావగారు మళ్ళీ ఏజెంటు చుట్టూ తిరిగారు. ఈ వయసులో దొరకడం కష్టమన్నారు కానీ మస్కట్‌లోనే ఏదో పని దొరికింది. అక్క వీధిలో చెప్పింది, పాత గరాజు వాళ్ళు వేరేచోట తెరిచారట, ఈయన లేందే ఇంజన్లు కదలట్లేదట, రమ్మని ఒకటే ఫోన్లట. రావులపాలెంలో బస్సెక్కించడానికి నేనే వెళ్ళాను. స్టాండులో నిలబడి ఉండగా ఆయన నా భుజం మీద చెయ్యి వేశారు.

"అక్కడికెళ్ళేక ఫోనులో చెప్పేస్తాను బామ్మర్దీ. ఎదురుగా ఉంటే రావట్లేదు. ఫోనులో అయితే చెప్పేస్తాను. నీ మీద పడ్డది తీసేస్తాను."

"పర్లేదండి. మీరు జాగ్రత్త," అన్నాను.

చెప్పలేదు. చెప్పరని బస్సు కదలకముందే నాకు తెలుసు.

అక్క నాతో మాట్లాడుతుంది, కూర గిన్నె పంపుతుంది. కానీ ఎవరైనా బావగారి సంగతి ఎత్తితే, "వీడు వేలు పెట్టకపోయుంటే ఆయన ఇక్కడే షెడ్డు పెట్టుకుని ఉండేవారు," అంటుంది, నేను అక్కడే ఉన్నా సరే. నేను వింటూ ఊరుకుంటాను. మొదట్లో బాధగా ఉండేది. ఇప్పుడు అలవాటైపోయింది, అది ఇంకా అన్యాయం.

మొన్న వేసవిలో ఆయన వీడియో కాల్ చేస్తే అక్క ఫోను నాకిచ్చింది. ఆయన ఫోనుని మొహానికి బాగా దగ్గరగా పట్టుకుంటారు. నుదురూ కళ్ళూ తప్ప చుట్టుపక్కల ఏమీ కనిపించదు.

"బాగున్నావా బామ్మర్దీ?"

"బానే ఉన్నానండి."

ఆయన వెనక ఎక్కడో నీళ్ళు ధారగా రేకు మీద పడుతున్నాయి. అక్క వంగి చెవి పెట్టింది. "ఏంటండీ ఆ చప్పుడు? వానా?"

"ఆయ్," అన్నారు బావగారు. "వాన."

మా వాకిట్లో ఎండ మండిపోతోంది. ఏడాదంతా కలిపినా అక్కడ నాలుగు చినుకులు పడవని ఆయనే ఒకప్పుడు మాకు చెప్పేవారు. అక్క ఫోను తీసుకుని, తడవకండని చెబుతూ లోపలికి వెళ్ళింది. నేను ఆటో అతనికి ఫోను చేసి, సాయంత్రం ఫంక్షనుకి రమ్మని గుర్తుచేశాను. వేరే బేరం తగిలిందండీ, రాలేనన్నాడు.